తెర మీది అక్షరం కాగితం మీదికి



ఇంట్లో పెళ్లి కుదిరింది. శుభలేఖ వేయించడానికి డీటీపీ సెంటరుకు వెళ్లారు. ఆపరేటర్ తన పని తాను చేసుకుంటూనే ఒక్కో మాటా అంటుంటాడు. "ఈ ఫొటోకి రిజల్యూషన్ చాలదండీ." "మీ మ్యాటర్ యూనికోడ్‌లో ఉంది, మార్చుకోవాలి." "ఈ నీలం తెర మీద ఉన్నట్టు పడదు." "బ్లీడ్ లేదు, కటింగ్‌లో అంచు తెల్లగా వస్తుంది." మనం అన్నిటికీ తలూపుతాం. తీరా కార్డులు ఇంటికొచ్చాక పెదనాన్నగారి పేరులో ఒత్తు ఉండదు, కుంకుమ ఎరుపు కాస్తా ఇటుక రంగులో ఉంటుంది. "ముందే చెప్పాం కదండీ" అంటారు వాళ్లు. నిజమే, చెప్పారు. మనకు అర్థం కాలేదంతే.

ఆ మాటలన్నీ ఇవాళ వరసగా విప్పి చూద్దాం. దీనికి ఇంజినీరింగ్ చదివి ఉండనక్కర్లేదు. ఒక శుభలేఖ మీ చేతిరాతలోంచి బయల్దేరి అచ్చు కాగితంగా మీ చేతికి తిరిగి వచ్చేదాకా ఎన్ని చేతులు మారుతుందో గమనిస్తే చాలు. ఎందుకంటే కంప్యూటరుకు గానీ ప్రింటరుకు గానీ అక్షరం తెలియదు, రంగు తెలియదు, బొమ్మ తెలియదు. తెలిసింది అంకె ఒక్కటే. మన అక్షరాన్నీ రంగునీ అంకెలుగా మారుస్తారు, ఆ అంకెల్ని ఒక యంత్రం ఇంకో యంత్రానికి అప్పగిస్తుంది. అచ్చులో వచ్చే తేడాల్లో చాలా భాగం ఈ అప్పగింతల దగ్గర పుట్టేవే.

మొదటి అప్పగింత అక్షరానిది.

కంప్యూటర్ లోపల ఉండేవి రెండే స్థితులు. ఒకటి, సున్న. అలాంటి ఒక్క గుర్తును బిట్ అంటారు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్. ఒక బైట్‌లో సున్న నుంచి 255 దాకా, అంటే 256 రకాల విలువల్లో ఏదో ఒకటి పడుతుంది. వెయ్యి బైట్లయితే సుమారుగా కిలోబైట్, పది లక్షలయితే మెగాబైట్, వంద కోట్లయితే గిగాబైట్. మీ ఫోన్లో "స్టోరేజ్ నిండింది" అని వచ్చేది ఈ లెక్కలోనే.

అక్షరాలకు అంకెలు ఇవ్వడం ఇంగ్లీషుతో మొదలైంది. 1963లో అమెరికాలో ఆస్కీ అనే పట్టిక తయారైంది. అందులో 128 స్థానాలున్నాయి. పెద్ద 'ఏ'కి 65, పెద్ద 'బి'కి 66. ఇరవయ్యారు అక్షరాల భాషకు ఆ స్థానాలు సరిపోయాయి. మనకెలా సరిపోతాయి? గుణింతాలున్నాయి, ఒత్తులున్నాయి, ఒత్తు మీద ఒత్తూ ఉంది. అన్ని భాషలకూ చోటు దొరికేలా పెద్ద పట్టిక కావాలని తయారు చేసిందే యూనికోడ్. దాని మొదటి సంచిక 1991లో వచ్చింది, తెలుగు అందులోనే ఉంది. మనకు కేటాయించిన స్థానాలు 3072 నుంచి 3199 దాకా, మొత్తం 128. 'అ'కి 3077, 'క'కి 3093, 'ష'కి 3127.

అయితే 'క్ష'కు విడిగా అంకె లేదు. 'క', ఆ వెంట పొల్లు, ఆ వెంట 'ష' అని మూడు అంకెలు వరసగా ఉంటాయి. వాటిని చూసి ఒకే అక్షరంగా కలిపి గీయాల్సింది ఫాంటూ, దాన్ని నడిపే సాఫ్ట్‌వేరూ. 'స్త్రీ' అనే మాట తీసుకోండి. మన కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటరుకు ఆరు అంకెలు: స, పొల్లు, త, పొల్లు, ర, చివర దీర్ఘపు గుడి. పైగా ఎక్కువగా వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో ఇంగ్లీషు అక్షరానికి ఒక బైట్ చాలితే, తెలుగు గుర్తు ఒక్కోదానికి మూడు బైట్లు కావాలి. కాబట్టి 'స్త్రీ' 18 బైట్లు.

ఈ సంగతి తెలిస్తే ఒక చిక్కు సులువుగా అర్థమవుతుంది. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో తెలుగు అతికించగానే ఒత్తులు విడిపోయి, పొల్లు పక్కన పొల్లు నిలబడుతుంది. అంకెలు సరిగానే చేరాయి, వాటిని కలిపి గీసే తెలివి ఆ సాఫ్ట్‌వేరుకు లేదు. మీ మ్యాటర్ పాడైపోయిందని కంగారు పడనక్కర్లేదు. దాన్ని తెలుగును సరిగ్గా కలిపి చూపించే సాఫ్ట్‌వేరులో తెరిస్తే యథాతథంగా కనిపిస్తుంది.

మరి డీటీపీ సెంటరులో "యూనికోడ్ మ్యాటర్ మార్చుకోవాలి" అని ఎందుకంటారు? దానికి కొంచెం వెనక్కి వెళ్లాలి. 1985లో అమెరికాలో మూడు విషయాలు ఒకచోట కలిశాయి: యాపిల్ వాళ్ల లేజర్ రైటర్ ప్రింటర్, అడోబీ వాళ్ల పోస్ట్‌స్క్రిప్ట్ అనే పేజీ వర్ణన భాష, ఆల్డస్ అనే కంపెనీ తెచ్చిన పేజ్‌మేకర్. పుస్తకం పేజీని బల్ల మీది కంప్యూటరులోనే దిద్దుకుని అచ్చుకు పంపే వీలు వాటితో వచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్, పొట్టిగా డీటీపీ అన్న పేరు స్థిరపడింది అప్పుడే. ఆ గాలి మన ఊళ్లకూ వచ్చింది. సీసపు అక్షరాలు ఏరి కూర్చే కంపోజిటర్ల స్థానంలో కీబోర్డు ముందు ఆపరేటర్లు కూర్చున్నారు.

అప్పటి సాఫ్ట్‌వేర్లకు తెలుగు లిపి తెలియదు. అందుకని మనవాళ్లు ఒక ఉపాయం చేశారు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు కూర్చోబెట్టారు. ఒక చోట తలకట్టు, ఒక చోట గుడి, ఒక చోట రావత్తు. తెర మీద చూస్తే చక్కని తెలుగు, లోపల ఉన్నది ఇంగ్లీషు అక్షరాల అంకెలు. అను ఫాంట్ల వంటివి ఈ తరహావే. తెలుగు పత్రికలూ, పుస్తకాలూ, కరపత్రాలూ ఏళ్ల తరబడి వీటితోనే వెలువడ్డాయి. వాటిలో అందమైన అక్షరాలు రకరకాలుగా ఉన్నాయి, ఆపరేటర్లకు చెయ్యి తిరిగిపోయింది, అందుకే ఇవాళ్టికీ వాడుకలో ఉన్నాయి.

చిక్కు ఎక్కడంటే, ఆ ఫైలును ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిచినప్పుడు. తెలుగు మాయమై, అర్థంపర్థం లేని ఇంగ్లీషు అక్షరాల గుంపు కనబడుతుంది. "ఫాంట్ ఎగిరిపోయింది" అనేది దీన్నే. డీటీపీ షాపు నుంచి మీ మ్యాటర్ తెచ్చి వాట్సాప్‌లో అతికిస్తే పిచ్చిరాతలు వచ్చేదీ ఇందుకే. ఇలాంటి ఫైలులో ఒక మాట కోసం వెతికినా దొరకదు, ఎందుకంటే లోపల ఆ తెలుగు మాట లేనే లేదు.

మీరు ఫోన్లో టైపు చేసిన తెలుగు మాత్రం యూనికోడ్. షాపువాళ్లు దాన్ని కన్వర్టర్ అనే చిన్న సాఫ్ట్‌వేరుతో తమ ఫాంటులోకి మారుస్తారు. ఈ మార్పిడిలో ఒత్తులు జారిపోవడం, అరుదైన సంయుక్తాక్షరాలు తారుమారు కావడం జరుగుతుంటుంది. అందుకని మార్చాక మొత్తం మ్యాటర్ మళ్లీ మొదటి నుంచి చదవాలి. ఫోన్లో ఒకసారి చదివాం కదా అని వదిలేయకూడదు.

శుభలేఖల్లో తరచూ కనిపించే తప్పు ఇంకొకటుంది. 'రామ్‌కుమార్' అని రాయాలి. 'మ్' తర్వాత 'కు' విడిగా నిలబడాలి. కానీ యూనికోడ్ నియమం ప్రకారం పొల్లు తర్వాత హల్లు వస్తే అది ఒత్తయిపోతుంది. అప్పుడు 'మ' కింద 'క' ఒత్తు వేలాడుతూ, పెళ్లికొడుకు పేరు ఎవరూ పలకలేని రూపంలో తయారవుతుంది. ఆ రెంటినీ విడదీయడానికి కంటికి కనబడని గుర్తు ఒకటి ఉంది. సాంకేతికంగా దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఏర్పాటు ఉంటుంది. కార్డులో అలాంటి పేర్లుంటే ఆపరేటరుకు ముందే వేలుపెట్టి చూపించండి.

ఇక రెండో అప్పగింత, బొమ్మలది.

కంప్యూటరులో బొమ్మలు రెండు రకాలు. ఫోన్లో తీసిన ఫొటో చుక్కల బొమ్మ. దాన్ని రాస్టర్ అంటారు, ఒక్కో చుక్కను పిక్సెల్ అంటారు. రెండో రకం గీతల బొమ్మ, పేరు వెక్టర్. ఇక్కడి నుంచి అక్కడికి గీత, ఇంత వంపు, ఇంత మందం అని లెక్కలుగా ఉంటుంది. కోరల్‌డ్రా అనే సాఫ్ట్‌వేరులో గీసిన వినాయకుడి బొమ్మ, సంస్థ లోగో, ఫాంటులోని అక్షరం ఈ రకం. వెక్టర్ బొమ్మను విజిటింగ్ కార్డు మీద వేసినా, ఇంటి ఎత్తు ఫ్లెక్సీ మీద వేసినా అంచు నున్నగానే ఉంటుంది. చుక్కల బొమ్మ అలా కాదు. వాకిట్లో వేసే చుక్కల ముగ్గు సంగతి ఆడవాళ్లకు చెప్పనక్కర్లేదు. చుక్కలు పెంచకుండా ముగ్గు పెద్దది చేయాలంటే చుక్కల మధ్య దూరం పెంచాల్సిందే. ఫొటోను పెద్దది చేసినా జరిగేది అదే.

అంగుళానికి ఎన్ని చుక్కలు పడుతున్నాయన్న లెక్కే రిజల్యూషన్. షాపుల్లో దీన్ని డీపీఐ అంటారు. చేతిలో పట్టుకుని చూసే కార్డుకూ పుస్తకానికీ అంగుళానికి 300 చుక్కలు ఉండాలన్నది అచ్చు రంగంలో స్థిరపడ్డ కొలత. దీంతో మీరే లెక్క వేసుకోవచ్చు. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తు ఉన్న కార్డు నిండా ఫొటో కావాలంటే 1500 పిక్సెల్‌ల వెడల్పు, 2100 పిక్సెల్‌ల ఎత్తు ఉండాలి. ఏ4 కాగితం నిండా అయితే 2480, 3508. ఇవాళ్టి ఫోన్ కెమెరాలకు ఇది లెక్కలోది కాదు. సమస్య కెమెరాలో లేదు, పంపే దారిలో ఉంది. వాట్సాప్ లాంటివి ఫొటోను ఫొటోగా పంపితే చుక్కలు తగ్గించి, కుదించి పంపుతాయి. పొడవు వైపు 1600 చుక్కలే మిగిలిన ఫొటో, 300 లెక్కన అయిదుంపావు అంగుళాలకు కాస్త పైన వస్తుందంతే. అదే ఫొటోను 'డాక్యుమెంట్'గా పంపితే ఉన్నది ఉన్నట్టు చేరుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే సగం ఫొటోలు బాగుపడతాయి.

మరి అదే 1600 చుక్కల ఫొటోను పదడుగుల ఫ్లెక్సీ మీద ఎలా వేస్తున్నారు? అంగుళానికి 13 చుక్కలే పడతాయి కదా. దగ్గరికి వెళ్లి చూడండి, ముఖం గళ్లుగళ్లుగా ఉంటుంది. రోడ్డుకు అవతల నుంచి చూస్తే అంతగా తెలియదు. చూసే దూరం పెరిగేకొద్దీ తక్కువ చుక్కలతో సరిపెట్టుకోవచ్చు. కాబట్టి ఫ్లెక్సీ బాగానే వచ్చిందని అదే ఫొటోను శుభలేఖలో వేయమంటే కుదరదు.

ఫొటో ఫైళ్లలో ఎక్కువగా కనిపించేది జేపెగ్. ఏ4 నిండా ఉండే రంగుల ఫొటోలో ప్రతి చుక్కకూ మూడు బైట్ల లెక్కన రాసుకుంటే 26 మెగాబైట్లు అవుతుంది. కన్ను అంతగా పట్టించుకోని వివరాలు వదిలేసి, జేపెగ్ దాన్ని ఎన్నో రెట్లు కుదిస్తుంది. వదిలేసినవి మళ్లీ రావు. మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ ఇంకొంచెం పోతుంది. అందుకే అసలు ఫైలు విడిగా దాచుకుని, నకలు మీద పని చేయాలి. వెనకాల రంగు లేకుండా పారదర్శకంగా ఉండే లోగో కావాలంటే పీఎన్‌జీ అడగండి.

మూడోది రంగుల అప్పగింత. శుభలేఖల దగ్గర ఎక్కువ మాటలు పడేది ఇక్కడే.

తెర రంగును వెలుగుతో చూపిస్తుంది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం, ఈ మూడు వెలుగుల కలయిక. పొట్టి పేరు ఆర్‌జీబీ. మూడూ పూర్తిగా వెలిగితే తెలుపు, మూడూ ఆరిపోతే నలుపు. ఒక్కో వెలుగుకు 256 మెట్లుంటే మొత్తం కోటీ 67 లక్షల పైచిలుకు రంగులు. కాగితానికి సొంత వెలుగు లేదు. గదిలో ఉన్న వెలుతురు దాని మీద పడి తిరిగి వస్తుంది, మధ్యలో సిరా కొంత మింగేస్తుంది. అచ్చులో వాడే సిరాలు నాలుగు: సయాన్ అనే లేత నీలం, మెజెంటా అనే గులాబీ ఎరుపు, పసుపు, నలుపు. ఇదే సీఎంవైకే. సిరా పెరిగేకొద్దీ చీకటి పెరుగుతుంది, వెలుగు పెరగదు. అందుకే తెర మీద మిలమిల మెరిసే నెమలి నీలం, చిలకపచ్చ కాగితం మీద కొంచెం నలిగినట్టు పడతాయి. తప్పు ఆపరేటరుది కాదు, ఆ రంగు ఆ నాలుగు సిరాలకు అందదు.

సంతోషించాల్సిన సంగతి ఏమిటంటే, మన పెళ్లిళ్లకు ముఖ్యమైన రెండు రంగులూ ఆ సిరాలకు బాగానే అందుతాయి. మెజెంటా నూటికి నూరు, పసుపు నూటికి నూరు కలిపితే నిండు కుంకుమ ఎరుపు. పసుపు నూరు ఉంచి అందులో మెజెంటా కాస్త తగిలిస్తే పసుపుకొమ్ము రంగు. బంగారు రంగు మాత్రం రాదు. తెర మీద బంగారంలా మెరిసేది పసుపు, గోధుమ రంగుల నీడల గారడీ. కాగితం మీద అది మట్టి రంగుగా మిగులుతుంది. నిజంగా మెరవాలంటే రేకు అద్దే ఫాయిలింగ్ గానీ, లోహపు సిరా గానీ విడిగా చేయించుకోవాలి. తెలుపు కూడా అంతే. మామూలు అచ్చులో తెల్ల సిరా ఉండదు, కనిపించే తెలుపు కాగితానిదే. రంగు కాగితం ఎంచుకుని దాని మీద తెల్ల అక్షరాలు కావాలంటే మామూలు ప్రింటరుతో కాదు, స్క్రీన్ ప్రింటింగ్ చేయించాలి.

ఇంకో జాగ్రత్త తెలుగుకు మరీ ముఖ్యం. చిన్న అక్షరాలు నల్లగా ఉంటే వాటిని ఒక్క నల్ల సిరాతోనే వేయించాలి. ఆర్‌జీబీ నలుపును అలాగే మార్చేస్తే, ఆ నలుపు నాలుగు సిరాల మిశ్రమంగా తయారవుతుంది. ఆఫ్‌సెట్ అనే అచ్చు పద్ధతిలో నాలుగు సిరాలూ నాలుగు ప్లేట్ల మీంచి పడతాయి. ఒకటి వెంట్రుకవాసి జరిగినా అక్షరం అంచున రంగుల నీడ కనబడుతుంది, ఒత్తులు పూడుకుపోతాయి. ఇంగ్లీషు అక్షరం ఆ దెబ్బకు తట్టుకుంటుంది. కింద ఒత్తు, పక్కన దీర్ఘం మోసే మన అక్షరం తట్టుకోలేదు.

డిజైన్ పూర్తయింది, ఇప్పుడు ఫైలును ప్రెస్సుకు పంపాలి. ఇక్కడ వినిపించే మాట పీడీఎఫ్.

అడోబీ సంస్థ 1993లో తెచ్చిన ఈ పద్ధతి, 2008లో అంతర్జాతీయ ప్రమాణంగా మారింది. దీని సుగుణం ఒక్కటే. పేజీలో ఏది ఎక్కడ ఉందో, ఏ ఫాంటు వాడారో అన్నీ లోపల పెట్టుకుని వెళుతుంది. అవతలి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినా పేజీ చెదరదు. కానీ ఫాంట్లు లోపల చేర్చాలి. దాన్ని ఎంబెడ్ చేయడం అంటారు. చేర్చకపోతే పాత కథే. కొందరు ఇంకా భద్రంగా అక్షరాలను 'కర్వ్స్' చేసి పంపమంటారు. అంటే అక్షరాన్ని గీతల బొమ్మగా మార్చేయడం. ఇక ఫాంటుతో పనే లేదు, ఎక్కడైనా అలాగే పడుతుంది. కాకపోతే దాన్ని దిద్దలేం. ముహూర్తం మారితే మొదటికొస్తుంది. కాబట్టి కర్వ్స్ చేయని ఫైలు ఒకటి అట్టేపెట్టమనండి.

బ్లీడ్ సంగతి కూడా ఇక్కడే చూసుకోవాలి. కార్డులను పెద్ద షీట్ల మీద అచ్చు వేసి తర్వాత కట్ట కట్టి కోస్తారు. కత్తి పడే చోటు కొంచెం అటూ ఇటూ అవుతుంది. రంగు సరిగ్గా కార్డు అంచు దాకానే ఉంటే, కోతలో తెల్లటి చార బయటపడుతుంది. అందుకని నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల రంగు అదనంగా పోనిస్తారు. అదే బ్లీడ్. దానికి జంటగా ఇంకో నియమముంది. అక్షరాలను అంచుకు మరీ దగ్గరగా పెట్టకూడదు. లేకపోతే చివరి వరసలో ఉన్న బంధువుల పేర్లు కత్తికి బలవుతాయి.

ఇక చివరి అప్పగింత, యంత్రం నుంచి కాగితానికి.

ప్రింట్ అని నొక్కగానే డ్రైవర్ అనే సాఫ్ట్‌వేర్ మన ఫైలును ఆ ప్రింటరుకు అర్థమయ్యే భాషలోకి మారుస్తుంది. పని ఒక వరసలో నిలబడుతుంది. దాన్ని క్యూ అంటారు. ప్రింటర్ పలకలేదని అయిదుసార్లు నొక్కితే క్యూలో అయిదు పనులు చేరతాయి. ప్రింటర్ మేలుకున్నాక అయిదూ వస్తాయి. మొరాయించినప్పుడు మళ్లీ నొక్కకుండా, ఆ వరసలో ఉన్నవి తీసేసి మొదలుపెట్టాలి. పెద్ద డిజిటల్ ప్రెస్సుల్లో రిప్ అనే భాగం ఉంటుంది. పీడీఎఫ్‌లోని గీతల్నీ అక్షరాల్నీ ఫొటోల్నీ అది సిరా చుక్కలుగా విడగొడుతుంది. ప్రింటర్ దగ్గర 1200 డీపీఐ అంటే ఈ సిరా చుక్కల లెక్క. ఒక్కో చుక్క ఉంటుంది, లేదా ఉండదు. సగం ముదురు రంగు కావాలంటే సగం చుక్కలు వేసి సగం వదిలేయాలి. పత్రికలో ఫొటోను భూతద్దంతో చూస్తే ఆ చుక్కలు కనిపిస్తాయి. ఒక పిక్సెల్ రంగును చూపడానికి అలాంటి చుక్కలు చాలా కావాలి, అందుకే ప్రింటరు డీపీఐ ఫొటో డీపీఐ కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది.

లేజర్ ప్రింటరుకు మూలం మనం జిరాక్స్ అని పిలుచుకునే యంత్రమే. 1938 అక్టోబర్ 22న న్యూయార్క్‌లోని అస్టోరియాలో చెస్టర్ కార్ల్‌సన్ అనే ఆయన స్థిరవిద్యుత్తుతో, పొడిరంగుతో ఒక గాజుపలక మీది రాతను కాగితానికి ఎక్కించాడు. ఆ పద్ధతి మీద 1959లో జిరాక్స్ 914 యంత్రం వచ్చింది. జిరాక్స్ కంపెనీలోనే పనిచేసిన గ్యారీ స్టార్క్‌వెదర్, కాపీ చేసే బొమ్మకు బదులు లేజర్ కిరణంతో రాయవచ్చని కనిపెట్టాడు. లోపల జరిగేది ఇది: చీకట్లో ఒక డ్రమ్ము మీద విద్యుదావేశం ఎక్కిస్తారు. లేజర్ తాకిన చోట ఆ ఆవేశం పోతుంది. అక్కడ టోనర్ అనే పొడి అంటుకుంటుంది. ఆ పొడి కాగితం మీదికి మారి, వేడికీ ఒత్తిడికీ కరిగి అతుక్కుంటుంది. కాగితం బయటికి రాగానే వెచ్చగా ఉండేది అందుకే.

ఇంక్‌జెట్ దారి వేరు. సన్నటి రంధ్రాల్లోంచి సిరా బిందువులు చిమ్ముతుంది. ఒక్కో బిందువు కొన్ని పికోలీటర్లే. పికోలీటర్ అంటే లీటరులో లక్షకోట్ల వంతు. ఇంట్లో చిన్న ప్రింటరూ, ఫ్లెక్సీలు వేసే పెద్ద మిషనూ ఈ కుటుంబంవే.

డిజిటల్ ప్రింటింగ్ అని బోర్డు మీద రాసి ఉంటే అర్థం ఏమిటి? ప్లేట్లు లేవని. ఆఫ్‌సెట్‌లో ముందుగా అల్యూమినియం ప్లేట్లు తయారుచేయాలి, నాలుగు రంగులకు నాలుగు. దానికో ఖర్చు, దానికో సమయం. వంద కాపీలైనా పదివేల కాపీలైనా ఆ ఖర్చు అంతే. కాబట్టి ఎక్కువ కాపీలు వేసేకొద్దీ ఒక్కోదాని ధర పడిపోతుంది. డిజిటల్‌లో ఆ మొదటి ఖర్చు లేదు. ఫైలు నేరుగా యంత్రంలోకి పోతుంది. యాభై కార్డులైనా వేసిస్తారు, కానీ వెయ్యో కార్డుకూ మొదటి కార్డుకూ ఖర్చు దాదాపు ఒకటే. ఇంకో వెసులుబాటు, ప్రతి కాపీనీ వేరుగా వేయవచ్చు. ఒక్కో కార్డు మీద ఒక్కో అతిథి పేరు అచ్చు వేయించుకోవాలంటే డిజిటలే దారి. దీన్ని వేరియబుల్ డేటా అంటారు. కవి తన సంపుటి వంద కాపీలు వేసుకుని, అవి అయిపోయాక మరో వంద వేసుకోగలగడం కూడా ఈ పద్ధతి చలవే.

కాగితం గురించి రెండు ముక్కలు. జీఎస్ఎం అంటే చదరపు మీటరు కాగితం ఎన్ని గ్రాముల బరువో చెప్పే అంకె. ఏ0 షీటు దాదాపు ఒక చదరపు మీటరు. దాన్ని నాలుగుసార్లు సగానికి మడిస్తే ఏ4, అంటే పదహారో వంతు. కాబట్టి 80 జీఎస్ఎం ఏ4 కాగితం 5 గ్రాములు, అయిదు వందల కాగితాల రీము రెండున్నర కిలోలు. కొనేటప్పుడు తూకం వేసి చూసుకోవచ్చు. శుభలేఖకు 250, 300 జీఎస్ఎం దాకా వాడతారు. అంత మందం కాగితాన్ని మడిచేముందు గాడి వేయించాలి, దాన్ని క్రీజింగ్ అంటారు. లేకపోతే మడత దగ్గర టోనర్ పగిలి తెల్ల గీత పడుతుంది.

ఇన్ని అప్పగింతలు దాటాక చివరి పరీక్ష ప్రూఫ్. తెర మీద చూసి సరేననకండి. అసలు వేయబోయే కాగితం మీదే ఒక కాపీ తీయించండి. దాన్ని ఇంటికి తెచ్చి, మ్యాటర్ రాసినవాళ్లు కాకుండా ఇంకొకరితో గట్టిగా చదివించండి. రాసినవాళ్ల కన్ను ఉన్నది చదవదు, ఉండాల్సింది చదువుతుంది. తేదీ, వారం కలుస్తున్నాయా? కల్యాణమండపం ఉన్న వీధి సరైందేనా? ఫోన్ నంబరులో పది అంకెలున్నాయా? పేర్లలో ఒత్తులన్నీ ఉన్నాయా? ఇవి ఏ సాఫ్ట్‌వేరూ చెప్పలేదు. అన్నీ సరిచూశాకే ప్రూఫ్ మీద సంతకం పెట్టండి. ఆ తర్వాత తప్పు దొరికితే ఖర్చు మీదే.

పని అయ్యాక షాపువాళ్లను రెండు ఫైళ్లు అడిగి తీసుకోండి, ఒకటి పీడీఎఫ్, రెండోది దిద్దుకోవడానికి వీలైన అసలు ఫైలు. మీరు రాసిన మ్యాటర్‌ను యూనికోడ్‌లో మీ దగ్గరే ఉంచుకోండి. శుభలేఖకు ఇది చిన్న సంగతిలా కనిపించవచ్చు. కానీ ఊరి చరిత్ర అచ్చు వేయించేవాళ్లు, తాతగారి ఉత్తరాలు పుస్తకంగా తెచ్చేవాళ్లు, సంఘం సావనీరు వేసేవాళ్లు ఇది తప్పకుండా చేయాలి. పాత ఫాంట్లలో ఉండిపోయిన పుస్తకాన్ని రెండో ముద్రణకు తీసినప్పుడు, తెరవడానికి ఆ సాఫ్ట్‌వేరూ ఆ ఫాంటూ దొరక్క మళ్లీ మొదటి నుంచి టైపు చేయించినవాళ్లు ఉన్నారు. యూనికోడ్‌లో ఉన్న మాట రేపు ఏ కంప్యూటరులోనైనా తెరుచుకుంటుంది, వెతికితే దొరుకుతుంది.